మిల్లు స్ప్రింగు

రాజపాళయం బస్టాండు పక్కన ఒక రిపేరు కొట్టు. తండ్రి వదిలివెళ్లిన పాత చేతి వీడియోగేమ్‌కు కొత్త స్క్రీను వేయించుకున్న ఆమె, కొట్టు కుర్రాడి ముందు దాన్ని తిప్పి తిప్పి చూస్తోంది.

"ఎట్లుందక్కా? స్క్రీను తళతళమంటుంది. ఇంక ఎండలోనూ ఆడొచ్చు."

"బాగుంది తంబీ. స్క్రీను ఒక్కటే కదా మార్చినావు?"

"సత్యంగా అక్కా. మూత మీద మీ నాయన గీసిన ఇనిషియల్ చూడు."

"చూసినా. ఆ బ్యాటరీ మూత తియ్యి."

"ఎందుకక్కా?"

"తియ్యప్పా... ఈ స్ప్రింగు ఎవరిది?"

"కంపెనీతో వచ్చిందే."

"మా దాన్లో కంపెనీది ఎప్పుడో తుప్పుపట్టి విరిగిపోయింది. నాయన స్పిన్నింగు మిల్లు నుంచి మెషీను స్ప్రింగు తెచ్చి, కోసి పెట్టినాడు. మూత మాది, గేమ్ పెట్టె మాది కాదు. మా పెట్టె ఎవరికి అమ్మినావు?"

కుర్రాడు మూత మళ్లీ బిగించబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మా ఇంట్లో అన్నం తిన్నోడివి. చెప్పు."

"పాతవి కొనే చెన్నై ఆయనకక్కా. నేనుగా చేయలేదు. మీ తమ్ముడు విమలే చెప్పినాడు."

"మా విమలా?"

"మూత మీద ఇనిషియల్ ఉంటే చాలు, అక్క లోపల చూడదన్నాడు."

"నాయన ఆ స్ప్రింగు పెట్టింది ఎవరికోసమో తెలుసా తంబీ? గేమ్ ఆగిపోయిందని విమల్ అన్నం మానేసి ఏడ్చినాడు, వాడికోసం."