నాలుగు చక్రాలూ లాగే బండి

టీకొట్టు ముందు బెంచీ మీద కత్తెరాయన కాలు మీద కాలు వేసుకున్నాడంటే ఇక ఆ పూట కోతలు మొదలైనట్టే. వృత్తికి టైలరు. గుడ్డ కత్తిరించేటప్పుడు అర అంగుళం తేడా రానివ్వడు, మాటల దగ్గరికొచ్చేసరికి మాత్రం టేపు దుకాణంలోనే వదిలేసి వస్తాడు. అందుకే వీధి వీధంతా కలిసి ఆయనకి ఆ పేరు పెట్టింది. ఆయన నొచ్చుకోలేదు సరికదా, దుకాణం బోర్డు మీదున్న కత్తెర బొమ్మని ఇంకాస్త పెద్దది చేయించుకున్నాడు.

ఆ పొద్దున పక్కన ఆయన కూతురు కూడా కూర్చుంది. ఒళ్ళో బ్యాగు, బ్యాగులో ఇస్త్రీ చేసిన తెల్లకోటు. కొండ మీది ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం వచ్చింది, ఇవాళే చేరాలి. బస్సు కొండ కింది దాకానే వెళ్తుంది. ఇంట్లో కారుంది, తనకి లైసెన్సూ ఉంది, లేనిదల్లా తాళమే. అది నాన్న చొక్కా జేబులో ఉంది. అడిగితే చూద్దాం అంటాడు. నేను దింపుతాగా, సాయంత్రం దాకా అక్కడే కూర్చుంటాగా అంటాడు. రోజూనా అంటే రోజూనే అంటాడు. మరి దుకాణమో అంటే, బట్టలెక్కడికి పోతాయి అంటాడు. తను లోపల పనిచేస్తున్నంతసేపూ నాన్న బయట కారులో కూర్చుని కిటికీల వంక చూస్తుంటాడని తలుచుకుంటే ఆమెకి నవ్వొచ్చింది. ఇవాళ తాళం రాకపోతే ఇక ఎప్పటికీ రాదని కాస్త భయం కూడా వేసింది.

ఉపాయం చెప్పింది వాళ్ళమ్మే. "ఇంట్లో అడిగితే మీ నాన్న దొరకడే. టీకొట్టు దగ్గర అడుగు. నలుగురి ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయన వల్ల కాదు."

సరిగ్గా అప్పుడే, వాళ్ళ పైవాటాలో కొత్తగా దిగిన బ్యాంకాయన టీ గ్లాసు పట్టుకుని వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. ఆయన కారు కొనే ఆలోచనలో ఉన్నాడు.

"టైలర్ గారూ, మీ బండి నాలుగు చక్రాలూ లాగే రకమట కదా? చూడ్డానికి మామూలు ఇంటి కారులాగే ఉంది. వాడకంలో ఎలా ఉంటుందండీ?"

అడక్క అడక్క అడిగాడు పాపం. టీకొట్టు నడిపే ఆవిడ స్టవ్వు మంట తగ్గించి, చేతులు తుడుచుకుని, వినడానికి సిద్ధమైపోయింది.

"ఎలా ఉంటుందని అడుగుతారేంటి సార్? మిగతా బళ్ళకి రెండు చక్రాలే లాగుతాయి, తక్కిన రెండూ ముసలి చుట్టాల్లాగా ఊరికే వెనకాల వస్తాయి. దీనికలా కాదు, నాలుగూ ఒళ్ళొంచుతాయి. మొన్న వానాకాలం కొండ దారిలో కల్వర్టు దగ్గర బురద, ఎక్కడి బళ్ళక్కడ ఆగిపోయాయి, నేను ఆగలేదు, మెత్తగా దాటేశాను, వెనక సీట్లో మా ఆవిడ స్వెటర్ అల్లుకుంటోంది, ఒక్క ముడి తప్పితే ఒట్టు."

ఇంతవరకూ నిజమేనని కూతురికి తెలుసు. ఆ స్వెటరే ఇప్పుడు తను వేసుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనకాల స్కూలు బస్సొకటి కూరుకుపోయి ఉంది. పిల్లలు ఏడుస్తున్నారు. మనసూరుకుంటుందా? తాడు కట్టాను. లాగాను. బస్సొచ్చింది. బస్సుతో పాటు బురదొచ్చింది. బురదతో పాటు రోడ్డొచ్చింది సార్. కల్వర్టు దగ్గర ఒకప్పుడు పెద్ద మలుపుండేది, ఇప్పుడు వెళ్ళి చూడండి, తిన్నగా ఉంటుంది. ఎవరు తిన్నగా చేశారనుకున్నారు?"

"రోడ్ల వాళ్ళు చేశారనుకున్నా అన్నయ్యా," అంది టీకొట్టావిడ.

"అందరూ అలాగే అనుకుంటున్నారు చెల్లెమ్మా, నేనూ పోనీలే అని ఊరుకున్నాను."

బ్యాంకాయన గ్లాసు పక్కన పెట్టేశాడు. నమ్మాలో మానాలో తేలక, "మరి నీళ్ళల్లో?" అన్నాడు.

"నీళ్ళా? ఏరు పొంగినప్పుడు చూడాలి దీని సంగతి. వంతెన మీద నుంచి నీళ్ళు పోతున్నాయి. నేను బ్రేకేశాను, అది వినలేదు. దిగింది. ముందు చక్రాలు అటు ఒడ్డు పట్టుకున్నాయి, వెనక చక్రాలు ఇటు ఒడ్డు వదల్లేదు, మధ్యలో నేను. కింద నుంచి ఏరు పోతోంది. పైనుంచి జనం నడిచి దాటారు, బానెట్ మీద నుంచి ఎక్కి డిక్కీ మీద నుంచి దిగారు, దిగినవాళ్ళు దణ్ణం పెట్టి మరీ వెళ్ళారు."

"అంత పొడుగుందా అన్నయ్యా మీ బండి?" అంటూ ఆవిడ రోడ్డు వారన ఆగి ఉన్న బూడిదరంగు కారు వైపు తొంగి చూసింది.

"అవసరాన్ని బట్టి సాగుతుంది."

కూతురు పెదవి కొరుక్కుంది. నవ్వితే కథ ఆగిపోతుంది, ఆగితే తన పని చెడుతుంది.

"చలికాలంలో రోడ్డు మీద మంచు గడ్డకడుతుంది కదా నాన్నా, అప్పుడో?" అంది.

నాన్న గొంతు ఒక్క క్షణం తడబడ్డట్టు ఆమెకి మాత్రమే తెలిసింది. వెంటనే సర్దుకున్నాడు.

"ఆ సంగతి వదిలేయ్... సరే, అడిగావు కాబట్టి చెప్తున్నా. పోయిన చలికాలం, మా అమ్మాయి ఇంటర్వ్యూ రోజు సార్. రోడ్డు అద్దంలా ఉంది. బండి తిన్నగా వెళ్తున్నదల్లా పక్కకి నడవడం మొదలెట్టింది, పీతలాగా. జారలేదు, నడిచింది. ఎదురుగా అంబులెన్సు వస్తోంది, దారివ్వొద్దూ? దానికే తోచింది, పక్కకి జరిగి, తల వంచి, మళ్ళీ దారిలోకొచ్చింది. నేను స్టీరింగు ముట్టుకోలేదు. ఆ మాటకొస్తే వచ్చేటప్పుడు నిద్రపోయాను కూడా. ఇంటి ముందుకొచ్చి హారన్ కొట్టి లేపింది. వీధిలో ఆపడానికి చోటు లేకపోతే గోడెక్కి మా మేడ మీద ఆగింది, మర్నాడు మా ఆవిడ బట్టలారేయడానికి వెళ్ళి చూస్తే అక్కడుంది."

బ్యాంకాయన నిట్టూర్చాడు. "ఏమోనండీ, అది మీ చేతి గొప్పతనం. నేనిప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. నాలాంటివాడి వల్ల అవుతుందా?"

అక్కడే పప్పులో కాలేశాడు కత్తెరాయన. తన గొప్ప సంగతి అటుంచి, ఎదుటి మనిషి చిన్నబోతే చూడలేడు.

"నా చెయ్యేముంది సార్ ఇందులో? అంతా బండిదే. మీరు కాదు, నిన్న లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళు కళ్ళు మూసుకుని ఎక్కినా సరే, కొండ మీదికి పువ్వుల్లో పెట్టి తీసుకెళ్తుంది."

"అయితే తాళం ఇవ్వు నాన్నా," అంది కూతురు.

కత్తెరాయన కాలు మీది కాలు కిందికి దించాడు. టీకొట్టావిడ గబుక్కున స్టవ్వు వైపు తిరిగింది, కానీ భుజాలు నవ్వుతున్నాయి.

"ఇవాళా? ఇవాళ వద్దమ్మా. టైర్లలో గాలి చూడాలి. పైగా పొద్దున్నే మంచు కురిసింది..."

"ఏరు దాటిన బండికి మంచో లెక్కా?"

ఆయన చెయ్యి జేబు మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. బ్యాంకాయన వైపు చూశాడు, తన బూట్ల వైపు చూశాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు ఎంత నెమ్మదిగా మాట్లాడాడంటే, అందరూ ముందుకి వంగాల్సి వచ్చింది.

"కదిలేటప్పుడే నాలుగు చక్రాలూ లాగుతాయమ్మా. ఆగేటప్పుడు అన్ని బళ్ళూ ఒకటే. ఆ రోజు జారిపోయాం. అంబులెన్సూ లేదు, ఏమీ లేదు. మట్టిగట్టు అడ్డం ఉండబట్టి ఆగాం."

"తెలుసు నాన్నా. పక్కసీట్లో నేనే కదా ఉంది." ఆమె కాస్త దగ్గరికి జరిగింది. "ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని ఇంకో చెయ్యి నాకు అడ్డం పెట్టావు. బండి ఆగాక కూడా చాలాసేపు తియ్యలేదు. ఇంటికెళ్ళాక అమ్మకి మాత్రం పీతలా నడిచిందని చెప్పావు."

"భయపడుతుందని నిజం చెప్పలేదు."

"నాకూ భయమే నాన్నా. అందుకే జోరుగా వెళ్ళను. కానీ రోజూ నువ్వు చెయ్యి అడ్డం పెట్టుకుని నా పక్కన కూర్చోలేవు కదా."

ఈ కూతుర్ని కత్తెరాయన కంటికి రెప్పలా పెంచాడు, ఆమె తన చేతికింద నుంచి జరిగిపోతుంటే గుండె చెరువైపోయింది. ఆ సంగతి ఆయన ముఖంలో అందరికీ కనిపించింది, దాచుకోవడానికి కోత ఒక్కటీ దొరకలేదు. జేబులోంచి తాళం తీసి ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే ముడిచాడు.

అప్పుడు మొదలుపెట్టాడు. కారు దాకా నడుస్తూ, తలుపు తీసి పట్టుకుని, సీటు ముందుకి జరుపుతూ చెబుతూనే ఉన్నాడు. మలుపులో బ్రేకెయ్యకు, మలుపు రాకముందే వేగం తగ్గించు. ముందున్న బండికి బాగా దూరంగా ఉండు. కల్వర్టు దాటాక ఎడమవైపు నీడుంటుంది, అక్కడ మంచు మధ్యాహ్నం దాకా కరగదు. బండి జారితే గాబరాపడి స్టీరింగు గట్టిగా తిప్పొద్దు. అద్దం మీద ఆవిరి పడితే ఈ మీట. హారన్ కాస్త గట్టిగా నొక్కాలి, లేకపోతే పలకదు.

ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం లేదు. బ్యాంకాయన జేబులోంచి ఫోన్ తీసి అవన్నీ రాసుకుంటున్నాడు.

ఇంజన్ స్టార్టయింది. కూతురు అద్దాలు సరిచేసుకుంది, బెల్టు పెట్టుకుంది, గేరు వేసింది. కారు మాత్రం కదల్లేదు. ఆమె కిటికీ దించి తల బయటికి పెట్టింది. కత్తెరాయన కారుకి సరిగ్గా ముందు నిలబడి, చెయ్యి బానెట్ మీద వేసి, ఇంకా ఏదో చెప్పాల్సింది మిగిలిందేమోనని గుర్తు తెచ్చుకుంటున్నాడు.

"నాన్నా, రోడ్డు తిన్నగా చేసిన బండి, మేడలెక్కిన బండి," అంది మెల్లిగా. "నువ్వు ముందు నిలబడితే మాత్రం అడుగు కదల్లేకపోతోంది."

కత్తెరాయన బానెట్ మీద నుంచి చెయ్యి తీసి, పక్కకి జరిగాడు.