వెనకవైపు లేని రాయి

ఏ రాయమ్మా? వంతెన మధ్యలో పిట్టగోడ పక్కన నిలబడిందే, అదా? దాని సంగతి నన్నడగమని నీకెవరు చెప్పారు? ఆఫీసులోనా? పర్లేదే, ఇంకా నా పేరు గుర్తున్నవాళ్ళున్నారన్నమాట. కూర్చో, ఆ కొలతల టేపు పక్కన పెట్టు, వంతెన ఎక్కడికీ పోదు. వెడల్పు చేస్తున్నారా? చెయ్యండి, చెయ్యండి. రెండు లారీలు ఎదురుపడితే ఒకడు వెనక్కి పోవాల్సిందే, ఎవడు పోవాలో తేలేసరికి పూటయిపోతుంది. ఆ రాయి చెక్కింది మా బావ. అక్క మొగుడు. పోయి ఇరవై ఆరేళ్ళయింది. ఊళ్ళో రాయి మీద అక్షరం చెక్కేవాడు ఆయనొక్కడే అప్పట్లో. మనిషి బక్కపలచన, మాట ఇంకా పలచన. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అక్క అనేది, "మీ బావ మాటలన్నీ రాయికే చెప్పేసి ఇంటికొస్తాడురా" అని.

అప్పుడీ ఏటికి వంతెన లేదు. ఏముందనుకున్నావ్? బల్లకట్టు. దాన్ని లాగేవాణ్ణి నేనే. ఇటు గట్టు మనుషుల్ని అటు, అటు గట్టు మనుషుల్ని ఇటు, మధ్యలో మేకలు, సైకిళ్ళు, ఒకసారి ఒక బీరువా. వంతెన కావాలని అందరూ అనేవాళ్ళు. మునిసిపాలిటీలో రెండు పార్టీలు. ఒకదానికి నాయకుడు మిల్లాయన, పడమటి గట్టు. ఇంకోదానికి ప్లీడరు, తూర్పు గట్టు. మిల్లాయన గెలిస్తే ఇటు గట్టున వంతెనకి శంకుస్థాపన. రాయి పాతడం, ఉపన్యాసం, చప్పట్లు. ఈలోపు ఎన్నికలు. ప్లీడరు గెలిచేవాడు. "ఆయన చూపించిన చోటు పనికిరాదు, అంచనాలన్నీ తప్పు" అని కాగితాలు అటకెక్కించి, యాభై గజాలు పైకి జరిగి అటు గట్టున ఇంకో రాయి. పద్దెనిమిదేళ్ళలో ఏడు రాళ్ళమ్మా. ఏడూ మా బావే చెక్కాడు. ఏం చేస్తారు వాటితో? ఒకటి మంగలి షాపుకి మెట్టయింది. ఒకటి మా ఇంట్లోనే, మిల్లాయన పేరు మీద నా చొక్కాలు ఉతికేది మా ఆవిడ. చొక్కాలు తెల్లగా వచ్చేవి గానీ వంతెన రాలేదు.

నాకా? నాకేం బాధ, వంతెన రాకపోతేనే నాకు పని. నిజం చెప్పాలంటే ఒక్కో రాయి పాతినప్పుడల్లా హమ్మయ్య అనుకునేవాణ్ణి, ఇంకో మూడేళ్ళు ఢోకా లేదని. బావకీ అంతే కదా, రాయి రాయికీ పని. ఇద్దరం ఆ వంతెన లేకపోవడం మీదే బతికాం. ఆ వరదొచ్చే వరకూ. అక్కకి నెలలు నిండాయి. ఆస్పత్రి అటు గట్టున. ఏరు చెట్లని మోసుకొస్తోంది. బావ వచ్చి తాడు విప్పమన్నాడు. నేను విప్పలేదమ్మా. విప్పితే అందరం పోయేవాళ్ళమే, ఊరంతా అదే అంటుంది, నేనూ అదే అంటాను. రెండో రోజు నీళ్ళు తీశాయి. అక్క దక్కింది. బిడ్డ దక్కలేదు. బావ నన్నొక్క మాటనలేదు. అంటే బావుండేది.

ఆ... ఏం చెప్తున్నాను? రాయి. ఆ ఏడే మిల్లాయన మళ్ళీ గెలిచి కబురు పెట్టాడు, ఎనిమిదో రాయి చెక్కమని. బావ వెళ్ళి, "శంకుస్థాపన రాయి చెక్కనండీ. వంతెన పూర్తయ్యాక చెప్పండి, అప్పుడు చెక్కుతాను" అన్నాడు. మిల్లాయనకి తల తిరిగిపోయింది. "నీ రాయి కాకపోతే పక్కూరి రాయి" అన్నాడు. పక్కూరి రాయి వచ్చింది, అవతలి గట్టు దాకా. ఇటు రావాలంటే నా బల్లకట్టే ఎక్కాలి. నేను దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "బరువెక్కువండీ, మునుగుతుంది" అన్నాను. బీరువా ఎక్కించిన మనిషిని. నవ్వకు. ఆ రాయి పాతితే నాకింకో మూడేళ్ళు పనుండేది; నా పొట్ట నేనే కొట్టుకున్నాను, తెలిసే కొట్టుకున్నాను.

అప్పుడు బావ ఒక పని చేశాడు. మిల్లాయన ఇంటికెళ్ళి, "వంతెన నడిమధ్యలో నిలువెత్తు రాయి పెడదామండీ, ముందువైపు మీ పేరు" అన్నాడు. "మరి ప్లీడరు?" "ఆయన ఒప్పుకోకపోతే ఓటు పడదు కదండీ. ఆయన పేరు వెనక వేస్తాను, ఎవరు చూడొచ్చారు." మిల్లాయన మీసం దువ్వుకున్నాడు. అక్కణ్ణించి తిన్నగా నా బల్లకట్టెక్కి ప్లీడరింటికి. అక్కడా అదే మాట, పేర్లు మాత్రం అటూ ఇటూ. మొత్తం ఏడాది మాటలు ఆ ఒక్క రోజులో ఖర్చు పెట్టేశాడు మా బావ. మీటింగులో వంతెన మాట రాగానే రెండు వైపులా చేతులు లేచాయి. గుమాస్తాకి నమ్మకం కుదరక మళ్ళీ ఎత్తమన్నాడట. వంతెన లేకపోతే మధ్య లేదు, మధ్య లేకపోతే రాయి లేదు, రాయి లేకపోతే పేరు లేదు. ఇంకేముంది, పద్దెనిమిదేళ్ళు కదలని కాగితం పద్దెనిమిది రోజుల్లో కదిలింది. మిల్లాయన పొద్దున వచ్చి సిమెంటు చూసేవాడు, ప్లీడరు సాయంత్రం వచ్చి మేస్త్రీకి టీ పోయించేవాడు. పద్నాలుగు నెలల్లో వంతెన లేచింది.

ప్రారంభం రోజు ఇటు నుంచి ఈయన మందీ, అటు నుంచి ఆయన మందీ. ఇద్దరికీ ఎదురుగా తన పేరే. ఇద్దరూ నవ్వుకుంటూ మధ్యకొచ్చి, రాయి చుట్టూ తిరిగి చూశారు. రెండు పేర్లూ ఒకే కొలత. ప్లీడరు, "ఏవయ్యా, ఏది ముందు?" అన్నాడు. మా బావ, "మీరు ఏ గట్టు నుంచి వస్తే అదేనండీ" అన్నాడు. వాళ్ళింకా ఏదో అనబోతుంటే వెనక సైకిలాయన బెల్లు కొట్టాడు, "కాస్త తప్పుకోండి బాబూ" అని. ఇద్దరూ తప్పుకున్నారు.

నేనా? మర్నాడు బల్లకట్టు గట్టెక్కించాను. తర్వాత ఇదే వంతెనకి కాపలా ఉద్యోగం వేశారు, ఎవరు చెప్పి వేయించారో నాకు తెలీదు, బావనడిగితే రాయి చూస్తూ కూర్చున్నాడు. ఆయన పోయాక ఒకరోజు అక్క చెప్పింది, "ఆ రాయి అంచు చూశావురా ఎప్పుడైనా, పిట్టగోడ వైపుది?" అని. నాలుగు వేళ్ళ సందు. కన్ను పట్టదు, చెయ్యి పడుతుంది. తడిమి తడిమి చదివాను. "అంతకు ముందు దాటించింది మా బావమరిది." అంతే. ఎవరి బావమరిదో లేదు, పేరు లేదు. అంత పెద్ద చెక్కేవాడు, నా పేరు చెక్కడానికి చెయ్యి రాలేదు చూడు. దాటించింది అన్నాడమ్మా. దాటించనిది రాయలేదు.

ఏంటీ, ఆ రాయిని కొత్త పిట్టగోడలో అతికిస్తారా? సరే, అతికించండి. ఆ అంచు మాత్రం బయటికి ఉంచు. దానికోసం పని మాత్రం ఆపకండి. లే, ఎండెక్కుతోంది. ఆ టేపు రెండో కొస ఎవరు పట్టుకుంటారు, నేను పట్టుకోనా?