వేలికి తొడిగిన కాటా

ఆ ఆక్సిమీటర్ అవతల పెట్టవమ్మా కోడలుపిల్లా! ఎన్నిసార్లు చెప్పాలి? అది దొంగ కాటా. తొంభై అయిదైనా ఉండాలట, నాకు ఎనభై రెండట! ఊపిరాడకపోతే మనిషికి తెలీదా ఏం?

కాటాలు బాగుచేసి బతికినవాణ్ణి. బుద్ధిగా కనిపించే కాటాయే కొంప ముంచుతుంది. ముల్లు కదిలే తీరు చూసి కొట్టువాడి బుద్ధి చెప్పేస్తాను. నాకా పాఠాలు?

అసలు ఈ కరోనా మీదే నాకు అనుమానం. ఒక జబ్బన్నాక ఒక తీరుండాలా, వద్దా? మీ అత్తయ్యకి వాసన పోయింది. పాలు మాడి ఇల్లంతా పొగైతే, పక్కనే నిలబడి తాపీగా వంకాయలు తరుగుతోంది! నీకేమో కడుపు పాడైంది. మీ ఆయనకి దగ్గు లేదు, తుమ్ము లేదు, కాలివేళ్ళు మాత్రం ఎర్రగా కందిపోయాయి. పక్కింటాయనకి కళ్ళకలక. మనిషికో వేషం! పూటకో మాట చెప్పే సాక్షిని ఎవడు నమ్ముతాడు?

మరి నాకేముంది? జ్వరముందా? దగ్గు... ఆగు... దగ్గుందా?

ఆయాసం కాదే తల్లీ, ఆలోచిస్తున్నాను!

గోళ్ళు నల్లబడ్డాయా? అది గ్రీజు. కాటాలు విప్పే చేతికి గ్రీజు కాక గోరింటాకుంటుందా? ఏమిటీ... నిన్న సబ్బుపెట్టి నువ్వే కడిగావా? అవును కదూ.

సరే. ఆ తలుపు దగ్గరకి వెయ్యి. వంటింట్లోకి వినపడుతుంది.

ఏ కాటా మీదైనా అనుమానమొస్తే మేం ముందు ఏం చేస్తామో తెలుసా? పడికట్టు రాయి పెట్టి చూస్తాం. బరువు తెలిసిన రాయి. అది సరిగ్గా తూగిందా, ఇక కాటాని పల్లెత్తు మాట అనకూడదు.

పొద్దున నువ్వు స్నానానికెళ్ళినప్పుడు మీ అత్తయ్య వేలికి తొడిగాను. తొంభై ఎనిమిది. మీ ఆయనకీ అంతే. మళ్ళీ నేను పెట్టుకున్నాను. వేలు మార్చాను. చెయ్యి మార్చాను. ఆఖరికి బ్యాటరీలు కూడా మార్చాను.

కాటా మంచిదేనమ్మా. సరుకే తక్కువ.

అప్పుడే చెప్పాల్సింది. భయమేసింది. చెబితే నిజమైపోతుందేమోనని.

ఆసుపత్రి బండికి ఫోన్ చెయ్యి. మీ అత్తయ్య అడిగితే నాకు బాగాలేదనకు. మిషన్ పాడైంది, బాగుచేయించడానికి మావయ్య వెళ్తున్నాడని చెప్పు. నమ్ముతుంది. కాటాల విషయంలో నా మాటని ఆవిడ ఎప్పుడూ అనుమానించలేదు.