మామ్మ ఇలిష్ పులుసు

ఖిదిర్‌పూర్ పోర్టు క్వార్టర్స్. పొద్దున్నే వంటింట్లో జెరూషా, వాళ్ళమ్మ.

"చింతపండు ఎంతేశావో చెప్పమ్మా, రాసుకుంటాను."

"ఎంతేటే, సేతికొచ్చినంత. ముందు ఆఫీసుకెల్లు. తొమ్మిదవుతోంది."

"ఈవేళ వెళ్ళి రిజైన్ లెటర్ ఇచ్చేసి వచ్చేస్తాను. బ్యాగులోనే ఉంది."

"మళ్ళీ అదే మాట."

"కాలేజ్ స్ట్రీట్‌లో బెంగాలీ పబ్లిషర్ దాదా ఒప్పుకున్నాడమ్మా. మన వంటలు, మన మనుషులు. మామ్మ విజయనగరం పులుసులో ఇక్కడి ఇలిష్ చేప ఎలా పడిందో, అంతా పుస్తకం. ఏడాది కూర్చుని రాయాలి."

"ఆదివారాలు రాసుకో."

"ఆదివారం చర్చి, చుట్టాలు. తొమ్మిదేళ్ళుగా ఆదివారాలే రాస్తున్నాను."

"ఉజ్జోగం మానేస్తే ఈ కోటర్సు కాళీ సెయ్యాల, తెలుసునా?"

"తెలుసు."

"మీ నాన్న సర్వీసులో పోయాడని ఇచ్చిన ఉజ్జోగం. మరోపాలి ఇవ్వరు. నీ తమ్ముడు జెఫ్రీ కాలేజీ ఎలాగ? మనం ఎక్కడికెల్తాం?"

"అదే కదా నా మెడకి గుదిబండ. నాన్న పోయిన రెండో నెలకే నన్ను ఆ కుర్చీలో కూలేశారు. పంతొమ్మిదేళ్ళు నాకు. ఎవరైనా అడిగారా? ఉత్తరాలకి నంబర్లేసుకుంటూ ముసలిదాన్నయిపోతాను. ఊపిరాడటం లేదమ్మా."

"జరుగు, సేప తిరగెయ్యాల."

"మాట మార్చకు. మామ్మే బతికుంటే రాయమనేది."

"ఆవిడా?"

"ఆవిడే. ఆవిడ చేతి పులుసు..."

"ఆవిడ సెయ్యేటి? నాను పెళ్ళయి వచ్చిన కాడి నించి గరిటి నా సేతిలోనే ఉంది. ఆవిడ మంచం మీద కూకొని ఉప్పు సూసేది."

"సరే, నీ పేరే వేస్తాను. పుస్తకం నిండా నువ్వే."

"ఒద్దు."

"ఎందుకూ? సంతోషం కాదా?"

"నాకు వంటంటే అసయ్యం."

"ఏటమ్మా, అలాగంటావ్?"

"నాను మెట్రిక్ పేసయ్యాను. టైపు కూడా నేర్సుకున్నాను. మీ నాన్న పోయాక పోర్టోళ్ళు ఉజ్జోగం ఫారం నా పేరునే తెచ్చారు. సంతకం ఎట్టీసాను కూడా."

"నాకెప్పుడూ చెప్పలేదే. మరి?"

"మరేటి? ఇంట్లో వంటెవులు సేత్తారని మీ మామ్మ నా పేరు కొట్టించి, నీ పేరు రాయించింది."