పడవల జాబితాలో ఒక పేరు

చమఖండి ఊరి సముద్రపు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మరిది ముందు వదిన ఫోను పెట్టింది.

“సంగం పడవల లిస్టులో మీ అన్న పేరు కాడ నీ పేరుందేటి?”

“అది గూగుల్ డ్రైవ్‌లో లిస్టు వొదినా. సంగమోలందరం దిద్దుతాం. ఎవులో పొరపాటున కొట్టీసుంటారు.”

“ఎవులు, ఎప్పుడు మార్చినారో అందులోనే ఉంటాదట. మా పాప రింకి తీసి సూపించింది. మార్చింది నివ్వే.”

“అన్న పోనాక పడవని ఎవులో ఒకలు సూసుకోవాల గదా!”

“పోనాకా? ఊరంతా సముద్రంలో మీ అన్నని ఎతుకుతుంటే, మంగళారం పొద్దున్నే మార్చినావు. శవం దొరికింది లచ్చివారం.”

“వొదినా...”

“ఆ రెండిటి మద్దిలో బుదారం నీ సేత్తోనే నాకు కంచంలో అన్నమెట్టినావు. ‘తినొదినా, అన్నొచ్చేస్తాడు’ అన్నావు. నమ్మి తిన్నాను.”