మునసబు తాగిన చల్ల

పానకాలయ్యని ఒక మునసబు ఉండేవోడంట, మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో. మనిషి చెడ్డోడని నేననను గానీ, తనకి తెలియంది ఒకటుందంటే ఒప్పుకోడు, అదీ ఆయనకున్న తెగులు. పొద్దున్నే చేతికర్ర పట్టుకుని ఊరు చుట్టి రావటం, కనపడ్డ అరుగు మీదల్లా కూలబడటం, "అమ్మా, కాసిని చల్ల పొయ్యండి" అనటం. పోసినాక ఊరుకుంటాడా? ఉప్పు ఎక్కువైందని ఒక ఇంటికాడ తిట్టు, తక్కువైందని ఇంకో ఇంటికాడ తిట్టు. ఈ చల్ల సంగతి గుర్తుపెట్టుకోండి, ఊరికే చెప్పట్లా నేను.

అట్టా ఉండగా ఏమైందంటే, ఆ ఏడు ఎండలకి ఊరి బావి అడుగంటిందంట. ఆ అడుగు నీళ్ళే తోడుకు తాగారు జనం, ఇంకేముంది, కలరా దిగింది. తాలూకా డాక్టరు గారు మునసబుకి కాయితం పంపాడు. అందులో ఏముందంటే, జబ్బు చేసినోళ్ళని వేరు పెట్టండి, వాళ్ళతో కలిసి తిన్నోళ్ళని తాగినోళ్ళని, జబ్బు లేకపోయినా సరే, ఐదు రోజులు దూరం పెట్టి చూడండి అని. కింద నీళ్ళు కాగబెట్టుకు తాగండి అని కూడా ఉంది, గానీ అందాకా ఎవరు చదివారు! మునసబు పైపైన చూసి, "వేరు పెట్టటమన్నా దూరం పెట్టటమన్నా ఒకటేగందిరా, డాక్టరుకి సిరా ఎక్కువై రెండుసార్లు రాశాడు" అన్నాడంట. చాటింపేసే దాసు పక్కనే ఉన్నాడు. కాదేమో అయ్యా, జబ్బున్నోళ్ళకి ఒక ముక్క, లేనోళ్ళకి ఒక ముక్క రాసినట్టున్నారు అన్నాడు. "చదివేది నేను, నువ్వు డప్పు కొట్టు" అన్నాడంట మునసబు. దాసు ఏం చేస్తాడు, డప్పు భుజానేసుకుని "జబ్బున్నోళ్ళనీ, ఆళ్ళతో తిన్నోళ్ళనీ, అందర్నీ మునసబు గారి పొగాకు బేరన్లో వేరు పెడతన్నారహో" అని చాటాడు. వేరు పెడతన్నారు అనేసరికి నలుగురు కోడళ్ళు వాకిట్లోకి పరిగెత్తుకొచ్చారంట, వేరు కాపురాలనుకుని. నవ్వకండే, మీరైతే రారా? బేరనంటే తెలుసుగా, పొగాకు కాల్చే కొట్టు, కిటికీ లేదు పాడూ లేదు, తలుపేస్తే చీకటే.

పేరిందేవని ఒక పిల్ల, వాళ్ళత్త రత్తమ్మకి వాంతులు విరేచనాలు పట్టుకున్నయ్యంట. అత్తని తీసుకుపోయి బేరన్లో పడుకోబెట్టారు. బానే ఉంది, జబ్బు మనిషేగదా. మర్నాడు కోడలి కోసం వచ్చారు. నాకేం జబ్బు, గుండ్రాయిలా ఉన్నాను అందంట. మీ అత్తతో కలిసి తిన్నావా లేదా అన్నాడు మునసబు. "తినకుండా ఎట్టా బాబాయి గారూ, ఒక్క కుండలో కూడేగా మాది." అయితే పద అన్నాడు. చంకలో ఆరునెల్ల పిల్ల, ఆ పిల్లతో సహా లోపలికి తోశారంట. ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్ళు మండుద్ది, ఎన్నిసార్లు చెప్పినా అంతే. లోపల జబ్బోళ్ళు తొమ్మండుగురు, జబ్బు లేనోళ్ళు ఐదుగురు, అందరికీ ఒక్కటే కడవ, ఒక్కటే చెంబు. బాగా ఉండి లోపలికి పోయినోడు రెండో రోజుకల్లా జబ్బుతో పడతన్నాడు. మునసబేమో బయట నిలబడి, "చూశావురా దాసూ, లోపలున్నోళ్ళందరికీ జబ్బుందని నేను చెప్పలా?" అంటన్నాడంట.

పేరిందేవి తలుపు పక్కనే కూర్చుని పిల్లని కొంగులో దాచుకుందంట. ఆ కడవలో నీళ్ళు ముట్టలా. ముట్టుకుంటే జబ్బని భయం, తాగకపోతే పాలు రావు, పాలు లేకపోతే పిల్ల బతకదు. నోరెండిపోయి, ఏడవటానికి కన్నీళ్ళు కూడా రావట్లేదంట ఆ తల్లికి. అప్పుడు చాప మీదనుంచి రత్తమ్మ మూలుగుతా, "ఏడవమాకే. నాకు జబ్బు పట్టుకున్న పొద్దున మునసబుకి చల్ల పోసింది నేనే. ఉప్పు తక్కువైందని తిట్టాడు కూడా" అంది. ఇన్నేళ్ళ కాపురంలో అత్త నోట్లోంచి పనికొచ్చే మాట రావటం అదే మొదలంట.

పొద్దు వాలేటప్పుడు మునసబు వచ్చాడు, ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని, పది బారల దూరంలో నిలబడ్డాడు. లోపలోళ్ళకి గంజి పట్టుకొచ్చిన జనం కూడా ఉన్నారు. పేరిందేవి తలుపు సందులోంచి పిలిచింది. "బాబాయి గారూ, కలిసి తిన్నోళ్ళు కూడా లోపలికే రావాలంటిరిగా?" అంది. అవునమ్మా, పైవాళ్ళ ఆర్డరు అన్నాడు. "మరి మొన్న పొద్దున మా అత్త చేతి చల్ల తాగింది ఎవరు? ఏ చెంబుతో తాగారు? ఇదిగో, మా పక్కనే మీకు చాప పరిచి పెట్టా, రండి." జనమంతా ఇటు తిరిగారు. దాసు మెల్లిగా డప్పు సర్దుకున్నాడు, "చాటమంటారా అయ్యా?" అన్నాడంట, ఎంత వినయంగానో! మునసబు ఇంకో రెండు బారలు వెనక్కి జరిగాడు. "ఒరే ఒరే, నాకేం జబ్బు లేదురా! జబ్బున్నోళ్ళలోకి నన్ను తోస్తారేందిరా, నాకూ వచ్చి చస్తాను! ఉన్నోళ్ళు వేరు, లేనోళ్ళు వేరు!" అని అరిచాడంట. "ఆ కాయితంలో రాసింది అదేగదా బాబాయి గారూ" అంది పేరిందేవి.

ఉన్నోళ్ళు వేరు లేనోళ్ళు వేరు అనేది ఆ మునసబుకి పుట్టినకాడ్నుంచీ తెలుసులే, జబ్బు కాడే మర్చిపోయాడు. అప్పుడు తీశారు తలుపు. జబ్బు లేనోళ్ళని ఊరి బడిలోకి మార్చి, ఎవరి చెంబు వాళ్ళకిచ్చి, కాగబెట్టిన నీళ్ళు పోసి ఐదు రోజులు చూశారంట. పేరిందేవీ పిల్లా బతికారు. రత్తమ్మా లేచింది, లేచి ఇంటికొచ్చి, నన్ను వేరు పెట్టింది చాలు, ఇంక ఇల్లు కదలను అందంట. మునసబుని కూడా వదల్లేదు దాసు, ఐదు రోజులు గొడ్ల సావిట్లో దూరం పెట్టించాడు. ఆరో రోజున పెళ్ళాం వచ్చి, ఇంకో ఐదు ఉండి చూద్దామా అందంట. అందరూ బతికారని మాత్రం నేను చెప్పను. బాగా ఉండి లోపలికి పోయిన ఆ ఐదుగురిలో ఇద్దరు బయటికి రాలా. రెండు మాటలకి తేడా తెలియటానికి ఆయనకి కాసిని చల్ల సరిపోయింది, వాళ్ళకి ప్రాణాలు పోయినయ్యి. అందుకే నా గుమ్మంలోకి ఏ పెద్దమనిషి కాయితం పట్టుకొచ్చి ఆర్డరు అన్నా నేను వాదించను. కూర్చో నాయనా అని, ముందు మా ఇంటి చల్ల పోస్తాను.