ఏడుపు చాల్లేదు

టీవీవాళ్ళ షెడ్డు. మధ్యలో గుడ్డ కప్పిన ట్యాక్సీ. దానికి అటు డైరెక్టర్, ఇటు ఆ ట్యాక్సీ తోలేవాడి పెళ్ళాం.

“ఇంకా ఏంటి సార్ ఆలస్యం? బండి పని అయిపోయిందిగా. తాళం మా ఆయన చేతిలో పెట్టెయ్యండి.”

“బండి అయిపోయిందమ్మా. ఏడుపే కాలేదు.”

“ఏడుస్తూనే ఉన్నాడు కద సార్! బండి పోయిందని తెలిసిన కాణ్ణుంచీ ముద్ద దిగట్లేదు. దిండులో మొహం దాచుకుని...”

“నేననేదీ అదే. దిండులో దాచుకుంటే నాకేం కనపడుతుంది? మీ గోడ గడియారంలో పెట్టిన కెమెరాకి మీ ఆయన వీపు తప్ప ఏమీ రాలేదు. వీపు ఏడిస్తే జనం చూడరమ్మా.”

“మరి ఆ పరాయి దేశం షోలో అలా లేదు కద సార్. మీరే చూపించారు మాకు. పొద్దున సొంతదారుకి తెలీకుండా బండి మాయం చేశారు, సాయంత్రానికి బాగు చేసి ఇచ్చేశారు. బండి పోయిన ఆ ఎర్రచొక్కా ఆయన నడుం మీద చేతులేసుకుని, బండి లేని జాగా చూసి పకపకా నవ్వాడు.”

“వాళ్ళకి ఒకటి పోతే ఇంకోటి. నవ్వుతారు. దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ దింపితే ఎవడు చూస్తాడు? ఇంకో చానెల్‌కి పోతాడు. మనవాళ్ళకి గుండె పిండాలి. అక్కడ అది కార్ల షో. ఇక్కడ అది మీ ఇంటి షో.”

“మా ఇంట్లో పిండటానికి ఇంకేం మిగిలింది సార్?”

“అబ్బ! ఇదే మాట, ఇలాగే, రేపు యాంకర్ ముందు అనాలి మీరు.”

“వెటకారాలొద్దు సార్. పొగ కక్కుతోంది, ఎక్కేవాడు దిగిపోతున్నాడు, బండి ఆగితే మా పొయ్యి ఆగుతుందనే కదా మీ దగ్గరికొచ్చాను. వాళ్ళ షోలో పోలీసులకి ముందే చెప్పి ఉంచుతారన్నారు. మీరూ...”

“చెప్పలేదు.”

“చెప్పలేదా?”

“చెబితే నటిస్తారు. పోలీసులు నటించడం చూశారా ఎప్పుడైనా? చూడలేక మనం కళ్ళు మూసుకోవాలి. వాళ్ళు నిజంగా అడగాలి, నిజంగా వెతకాలి. అదీ మన షోకి అందం.”

“నిజంగానే అడుగుతున్నారు. పొద్దున మా తమ్ముణ్ణి పట్టుకెళ్ళారు సార్.”

“ఏ తమ్ముడు? ఆ బక్కపల్చటి కుర్రాడు, అన్నిటికీ పళ్ళికిలిస్తాడు, అతనా?”

“వాడే. పగలు మా ఆయన తోలతాడు, రాత్రి వాడు తోలతాడు. రెండో తాళం వాడిదేగా. ఆ తాళంతోనే కదా మీవాళ్ళు బండి తెచ్చుకుంది. అద్దం పగల్లేదు, తలుపు విరగలేదు, మరి ఇంకో తాళం ఎవడి దగ్గరుందీ అన్నారు పోలీసులు. మా ఆయన వాణ్ణి చూపించాడు.”

“చూపించాడా? వేలు పెట్టి?”

“వేలు పెట్టే.”

“ఛ! అక్కడ కెమెరా లేకపోయిందే!”

“సార్!”

“కంగారెందుకమ్మా. నాలుగు ప్రశ్నలడిగి పంపేస్తారు. అసలు సంగతి అతనికి తెలుసుగా?”

“తెలియకేం. ఆ రోజు మీరు చెబుతుంటే నా పక్కనే కూర్చున్నాడు.”

“ఏం చెప్పాను?”

“ముందే బయటపడితే షో లేదన్నారు. విప్పిన బండి విప్పినట్టే తెచ్చి గుమ్మంలో పారేస్తామన్నారు. ఇంజను ఒక మూట, చక్రాలు ఒక మూట అన్నారు.”

“అది నవ్వుతూ అన్నాలెండి.”

“మేం నవ్వలేదు సార్.”

“సరే, అక్కడ అంత కష్టంగా ఉంటే అతనే చెప్పేస్తాడు, బండి టీవీవాళ్ళ దగ్గరుందని. చెప్పలేదంటే ఏంటి అర్థం? అంత కష్టం లేదని.”

“వాడు చెప్పడు. మీకు తెలీదు వాడి సంగతి. చిన్నప్పుడు నేను పగలగొట్టిన అద్దానికి వాడు తన్నులు తిన్నాడు. ఇప్పటిదాకా మా నాన్నకి తెలీదు ఎవరు పగలగొట్టిందీ.”

“బాగుంది, బాగుంది. అద్దం కథ కూడా వాడదాం. ఇటు రండి. ఒక్కసారి కళ్ళారా చూస్తే మీరే చల్లబడతారు. ఒరేయ్, గుడ్డ తియ్యండి! ఊఁ, ఎలా ఉంది?”

“ఇది... మా బండేనా?”

“మీదే! ఏసీ ఉంది, పాటలున్నాయి. సీటు నొక్కి చూడండి. మీ ఇంట్లో పరుపు కూడా అంత మెత్తగా ఉండదు.”

“ఈ తలుపుకి సొట్ట ఉండాలి.”

“తీసేశాం.”

“వాడు మొదటిసారి తోలినప్పుడు పడింది. మా ఆయన ఆ పూటంతా తిట్టాడు. ఆ తర్వాత ఎవరు బాగుచేద్దామన్నా ఒప్పుకోలేదు, ఇది మా బావమరిది సంతకం అనేవాడు. ఉంచమని చెప్పాను కద సార్ మీకు.”

“సొట్ట ఉంచితే బాగుచేశామని ఎవడు నమ్ముతాడమ్మా!”

“నేను స్టేషన్‌కి వెళ్ళొస్తా. వాళ్ళ చెవిలో ఒక్క ముక్క చెప్పి...”

“వెళ్ళండి. ఎవరు పట్టుకున్నారు? మేస్త్రీ! ఒరే మేస్త్రీ! పానాలు పట్రా. ముందు చక్రాలు విప్పు.”

“సార్! వద్దు సార్. చెయ్యి తియ్యమనండి. చెయ్యి తియ్యమనండి దాని మీంచి.”

“మరి వెళతానన్నారు?”

“వెళ్ళను.”

“అట్లా రండి దారికి. రేపొక్కరోజు. రేపు మీ ఆయన కెమెరాకి ఎదురుగా తనివితీరా ఏడ్చాడా, అరగంటలో తాళం ఇచ్చేస్తా. మోగుతోంది, మీ ఫోనేనా?”

“మా ఆయన.”

“స్పీకర్ పెట్టండి. మైకు ఇటు! కెమెరా ఈవిడ మొహం మీద! మాట్లాడండి, ఏమీ తెలీనట్టు.”

“ఏవండీ...”

“ఎక్కడ చచ్చావే? దొంగ దొరికాడు!”

“దొంగా? దొంగెవరండీ?”

“ఇంకెవరు, నీ తమ్ముడు! ఒప్పుకున్నాడు.”

“ఏం ఒప్పుకున్నాడు?”

“బండి వాడే తీశాడట. విప్పి అమ్మేశాడట. ఇంజను ఒక మూట, చక్రాలు ఒక మూట కట్టాడట.”

“ఏ... ఏమన్నాడూ?”

“మూటలు కట్టాడే, మూటలు! పొద్దుట్నుంచీ వాళ్ళు ఎంత కొట్టినా పలకలేదు. నీ బండి, నువ్వే అడుగు అన్నారు నన్ను. అడిగాను.”

“మీరు కొట్టారా?”

“వాడి కుడిచెయ్యి బల్ల మీద పెట్టి పట్టుకున్నారు. లాఠీ నాకిచ్చారు. ఇంక ఆ చేత్తో స్టీరింగ్ పట్టుకోడులే.”

“అయ్యో... అయ్యో దేవుడా...”

“దేవుణ్ణెందుకు పిలుస్తావే! తోలడం నేర్పిందెవరే వాడికి? నేను! నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పాను. కొడుకనుకున్నానే వాణ్ణి. ఆ వేళ్ళు విరుగుతుంటే... చప్పుడు... నా చెవుల్లోంచి పోవట్లేదే...”

“ఇదమ్మా! ఇదీ ఏడుపంటే! వస్తోందా రికార్డింగు? గొంతు పోనివ్వకు!”

“ఎవరే అక్కడ?”

“ఎవరూ లేరు. టీవీ... టీవీ అండీ.”

“కట్టి పారెయ్ దాన్ని. ఇదిగో, అక్కతో ఒక్కమాట మాట్లాడతానని కాళ్ళు పట్టుకుంటున్నాడు. నువ్వూ నాలుగు పెట్టు గడ్డి. వాడి చెవి దగ్గర పెడుతున్నా, మాట్లాడు. నేనిక్కడ నిలబడలేను.”

“ఒరేయ్... తమ్ముడూ...”

“అక్కా, బావ బయటికెళ్ళాడు. నేను చెప్పలేదక్కా. బండి విప్పొద్దని చెప్పు వాళ్ళకి.”